వెదకి చూచినగాని క్రొత్త దనరాదు



మన పాఠశాలలో ఏటేట విజ్ఞాన ప్రదర్శనము జరుగుచున్నది. మీలో కొందరు అట్టముక్కలతోను, తీగలతోను, పాత మోటారులతోను ఏదో యొక పరికరమును చేసి బల్లపై నుంచి, “ఇది మేము కనిపెట్టినది” అని చెప్పుచుందురు. ఆ మాట విన్నప్పుడు మాకు సంతోషము కలుగును. కాని దానితోపాటు ఒక ప్రశ్నయు పుట్టును. ఇంతకు ముందు మరియొకరు దానిని చేయలేదని మన మెట్లు తెలిసికొనగలము? అట్లే మన పత్రికకు కవితల నిచ్చువారు “స్వీయరచన” అని క్రింద వ్రాయుదురు. అది స్వీయమే యని యెట్లు తెలియును? మన సోలాపురములో చద్దరులు నేయించువారు తమ సరకుపై నొక పేరు వేసికొందురు. ఆ పేరు వారిదే యని చెప్పుట కేమి ఆధారము?

ఈ మూడు ప్రశ్నలకును మన దేశమున మూడు వేరువేరు శాసనములు కలవు. మొదటిది పేటెంటులను గూర్చినది. రెండవది కాపీరైటును గూర్చినది. మూడవది ట్రేడుమార్కులను, అనగా వ్యాపారచిహ్నములను గూర్చినది. మనుష్యుని బుద్ధివలన పుట్టిన ఆస్తికి సంబంధించినవి కావున వీని నన్నిటిని కలిపి మేధాసంపత్తి హక్కు లందురు. ఈ విషయమున పెద్ద గ్రంథములు కలవు. న్యాయవాదులు జీవితమంతయు దీనినే చదువుచుందురు. మేము చెప్పబోవున దంతటి పాండిత్యము కాదు. క్రొత్తగా అడుగుపెట్టువాడు ఏ ప్రశ్న అడుగవలెను, ఎక్కడ వెదకవలెను, దొరకిన దానిని ఎట్లు చదువవలెను అను మూడు సంగతులు మాత్రమే ఈ పాఠమున చెప్పెదము.

ఈ పాఠమును వ్రాయుటకు కారణమైన ఒక సంగతిని ముందుగా ఒప్పుకొనవలసి యున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విద్యార్థి చక్కని గేయమొకటి తెచ్చి యిచ్చెను. మేము చదివి, మెచ్చి, అతని పేరుతో పత్రికలో వేసితిమి. పత్రిక ఇండ్లకు చేరిన తరువాత ఒక పెద్దాయన పాఠశాలకు వచ్చి, ఆ గేయము తాను చిన్ననాట చదివిన యొక పుస్తకములోని దని చూపిరి. బాలుడు తల వంచుకొనెను. వాని తప్పు చిన్నది. పుస్తకములోని మంచిమాటను అందరును తీసికొనవచ్చు ననుకొన్నాడు. మా తప్పు పెద్దది. వెదకి చూడకయే అచ్చు వేసితిమి. నాటినుండి, ఇట్టి విషయములను పిల్లలకు పాఠముగా చెప్పవలె నని మేము తలంచుచున్నాము.

ఒక చీర – నాలుగు హక్కులు

మేము అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుండగా ఒక సెలవుదినమున పోచంపల్లి ప్రాంతమునకు పోయి యుంటిమి. అక్కడ ఒక ఇంటిలో నొక తల్లి ఆసు పోయుచుండెను. అర్ధవలయముగా నిలిపిన మేకుల చుట్టును, మధ్యనున్న మేకు చుట్టును నూలును త్రిప్పుచు, చేతిని ముందునకు వెనుకకు ఆడించుచునే యున్నది. ఒక్క చీరకు ఇట్లు తొమ్మిదివేల సారులు చేయి ఆడవలె నట. రంగులద్దుటకు ముందు జరుగు ఈ పని చేసిచేసి భుజములు పట్టుకొనిపోవు నని ఆమె చెప్పెను.

ఈ కష్టమును తన తల్లియందు చూచిన యొక నేతబిడ్డ చింతకింది మల్లేశము గారు. వారిది ఆలేరు దగ్గరి శారాజీపేట. చిన్ననాటనే బడి మానవలసి వచ్చినను, ఏండ్ల తరబడి శ్రమించి 1999వ సంవత్సరమున ఆసు పోయు యంత్రమును సిద్ధము చేసిరి. తల్లి పేరు మీద దానికి లక్ష్మీ ఆసు యంత్ర మని పేరు పెట్టిరి. గంటల కొలది పట్టు పని సుమారు గంటన్నరలో ముగియుచున్నది. ఆ యంత్రమునకు పేటెంటు లభించినది. 2017లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుద మిచ్చినది. 2019లో వారి జీవితము “మల్లేశం” అను చలనచిత్రముగా వచ్చినది.

ఇప్పుడు ఒక పోచంపల్లి చీరను ముందుంచుకొని ఆలోచింపుడు. నూలును సిద్ధపరచిన యంత్రము యొక్క పనితీరు పేటెంటునకు సంబంధించినది. ఆ చీర నమ్ము దుకాణము పెట్టెపై వేసిన పేరు, బొమ్మ వ్యాపారచిహ్నమునకు సంబంధించినవి. ఆ యంత్రకర్త కథను చెప్పు చిత్రము, దానిలోని పాట, దానిని గూర్చి యొకరు వ్రాసిన వ్యాసము కాపీరైటునకు సంబంధించినవి. ఇక “పోచంపల్లి” అను ఊరి పేరు నాలుగవ హక్కునకు చెందును. దానిని భౌగోళిక గుర్తింపు అందురు. అది ఒక్కరిది కాదు. ఆ ప్రాంతమున ఆ పద్ధతిలో నేయువారందరిది. పోచంపల్లి ఇక్కతునకు 2004-05లో ఈ గుర్తింపు వచ్చినది. మన సోలాపురము చద్దరును, టెర్రీ తువాలును ఈ పట్టికలో మొదట చేరినవానిలోనివే యని మీరు గర్వముగా చెప్పుకొనవచ్చును. తరముల క్రిందట తెలంగాణమునుండి ఇక్కడికి వచ్చిన నేతకుటుంబముల శ్రమయు ఆ పేరులో కలిసియున్నది.

కావున పరిశోధనలో మొదటి మెట్టు విభజన. “నా ఆలోచనకు కాపీరైటు తీసికొందును”, “నా పద్యమునకు పేటెంటు కావలెను” అను మాటలు వినవచ్చుచుండును. ఇవి కొలమానమును తప్పుగా పట్టుట. పాలను గజములతోను, బట్టను శేరులతోను కొలిచినట్లుండును. ఏ హక్కునకు సంబంధించిన ప్రశ్నయో తేల్చుకొన్న పిమ్మటనే వెదకుట కారంభింపవలెను.

పేటెంటు

ఒక క్రొత్త వస్తువునో, క్రొత్త విధానమునో కనిపెట్టినవానికి, దానిని ఇతరులు తన యనుమతి లేక చేయకుండ, అమ్మకుండ ఆపుటకు ప్రభుత్వ మిచ్చు హక్కు పేటెంటు. మన దేశమున దీని గడువు దరఖాస్తు చేసిన దినమునుండి ఇరువది సంవత్సరములు. ఇందులో నొక ఒప్పందము ఇమిడి యున్నది. కనిపెట్టినవాడు తన రహస్యమును దాచక, ఆ విద్య తెలిసినవాడు చదివి చేయగలుగునట్లు వివరముగా వ్రాసి యియ్యవలెను. ప్రభుత్వము దానిని ప్రచురించును. గడువు తీరిన పిదప అది అందరి సొత్తగును.

మన దేశమున ఈ పద్ధతి 1856వ సంవత్సరపు శాసనముతో మొదలైనది. ఆ యేడు మార్చి 3వ తేదీన జార్జి ఆల్‌ఫ్రెడ్ డిపెన్నింగ్ అను నతడు కలకత్తాలో పంకాను లాగు యంత్రమునకై దరఖాస్తు పెట్టెను. ఇప్పుడు అమలులోనున్నది 1970వ సంవత్సరపు పేటెంట్ల చట్టము. అది 1972లో అమలునకు వచ్చి, తరువాత పలుమారులు సవరింపబడినది.

పేటెంటు దొరకుటకు మూడు గుణములు కావలెను. అది ప్రపంచమున ఎక్కడను అంతకు ముందు తెలియనిదై యుండవలెను. ఆ పని తెలిసినవానికి సులభముగా తట్టునట్టిది కాకుండవలెను. పరిశ్రమలో ఉపయోగపడవలెను. మరికొన్నిటికి చట్టమే పేటెంటు నిరాకరించుచున్నది. గణితపద్ధతి, వ్యవసాయ విధానము, ఆట ఆడు పద్ధతి, తరతరములుగా తెలిసియున్న సంప్రదాయ విజ్ఞానము ఇట్టివి.

వ్యాపారచిహ్నము

ఒకరి సరకును మరియొకరి సరకునుండి వేరుపరచు గుర్తు వ్యాపారచిహ్నము. అది పేరు కావచ్చును, బొమ్మ కావచ్చును, రెండును కలిసినది కావచ్చును. మీ యమ్మగారు బీడీలు చుట్టువారైనచో, ఆ కట్టపై అంటించు చీటీని మీరు చూచియే యుందురు. చదువురానివాడు కూడ ఆ బొమ్మను చూచి, “నాకు కావలసినది ఇదే” యని యడుగును. చిహ్నము యొక్క బలమంతయు ఆ నమ్మకముననే యున్నది. కావున ఒకని చిహ్నమును పోలిన చిహ్నమును మరియొకడు వేసినచో మోసపోవునది చిహ్నము గలవాడు మాత్రమే కాదు, కొనువాడును.

1999వ సంవత్సరపు చట్టము ప్రకారము నమోదైన చిహ్నము పది సంవత్సరములు నిలుచును; పది పది యేండ్లకు మరల పొడిగించుకొనవచ్చును. సరకులను, సేవలను కలిపి 45 తరగతులుగా విభజించినారు. దుప్పట్లు, తువాలులు 24వ తరగతిలోను, తొడుగు బట్టలు 25వ తరగతిలోను, బీడీలు 34వ తరగతిలోను చేరును. “మంచి తువాలు” వంటి, సరకు గుణమును మాత్రమే చెప్పు మాటను ఒక్కరి సొత్తుగా చేయుటకు సామాన్యముగా చట్ట మొప్పదు. అట్టి మాటలు వర్తకు లందరికిని కావలసినవి గదా! పేరు ప్రక్కన వలయములో ఆంగ్లపు ఆర్ అక్షర మున్నచో ఆ చిహ్నము నమోదైన దని యర్థము. నమోదు కాకుండ ఆ గుర్తును వేసికొనుట చట్టవిరుద్ధము.

కాపీరైటు

కవిత, కథ, పాట, చిత్రము, నాటకము, ఛాయాచిత్రము, చలనచిత్రము మొదలగు వాని కర్తకు గల హక్కు కాపీరైటు. 1957వ సంవత్సరపు చట్టము దీనికి మూలము. పేటెంటు వలె దీనికై దరఖాస్తు పెట్టుకొని వేచియుండ నవసరము లేదు. రచన కాగితముపై నిలిచిన క్షణముననే హక్కు పుట్టును. నమోదు చేసికొనుట సాక్ష్యమునకు మంచిదే కాని తప్పనిసరి కాదు. ఎనిమిదవ తరగతి బాలిక వ్రాసిన పది పంక్తుల కవితకును ఈ హక్కు కలదు. పత్రికలో అచ్చయినంత మాత్రమున ఆ కవిత పత్రికది కాదు, ఆ బాలికదే.

కాపీరైటు ఆలోచనకు లేదు. ఆలోచన ధరించిన మాటల రూపమునకే కలదు. వర్షమును గూర్చి ఒకరు కవిత వ్రాసినచో మీరును వ్రాయవచ్చును. వారి మాటలను మాత్రము ఎత్తి వ్రాయరాదు. ఇతర భాషలోని కథను తెనిగించుటకును మూలకర్త యనుమతి కావలెను. మరాఠీ పత్రికలలోని కథలను మన పత్రిక కనువదించి తెచ్చు విద్యార్థు లీ మాటను గుర్తుంచుకొనవలెను.

రచనలకు ఈ హక్కు కర్త జీవితకాలమును, మరణించిన తరువాతి సంవత్సరము మొదలు అరువది యేండ్లును ఉండును. పూర్వ మిది ఏబది యేండ్లే. రవీంద్రనాథ ఠాగూరు గారు 1941లో మరణించిరి. వారి రచనల గడువు 1991తో తీరనుండగా దేశమున చర్చ జరిగి, గడువును మరి పదియేండ్లు పెంచిరి. లెక్క యిట్లు కట్టవలెను: గురజాడ అప్పారావు గారు 1915లో మరణించిరి, వారి రచనలు ఇప్పుడు అందరివి. విశ్వనాథ సత్యనారాయణ గారు 1976లో మరణించిరి. వారి రచనలపై హక్కు 2036వ సంవత్సరము చివరి వరకు ఉండును. శ్రీశ్రీ గారు 1983లో మరణించిరి. అది 2043 చివరి వరకు. వేమన పద్యములు అందరివే యైనను, వానికి నేటి పండితు డొకడు వ్రాసిన వ్యాఖ్యానము ఆ పండితునిదే.

చట్టము బడులయెడ కొంత దయ చూపినది. పాఠము చెప్పుటలో ఉపాధ్యాయుడును, నేర్చుకొనుటలో విద్యార్థియు రచనలోని భాగములను ఎత్తి వ్రాసికొనవచ్చును. పాఠశాల కార్యక్రమములలో ఉపాధ్యాయులు, విద్యార్థులు నాటకము నాడవచ్చును, పాటను పాడవచ్చును. అయినను కర్త పేరు చెప్పుట మన ధర్మము. అది చట్టమునకు ముందే పుట్టిన మర్యాద.

పసుపు చెప్పిన పాఠము

ఇక వెదకుట యనునది ఎంత బలమైన పనియో తెలియుటకు పసుపు కథ వినుడు. గాయమునకు పసుపు పెట్టుట మన యిండ్లలో ఎవరికి తెలియదు? కాని 1995లో, గాయములు మానుటకు పసుపును వాడుటపై అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రము వారికి పేటెంటు లభించినది. మన దేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనమండలి 1996లో దానిని సవాలు చేసినది. “మా అవ్వకు తెలియును” అను మాట అక్కడ చాలదు. ఎప్పుడు, ఎక్కడ, ఏ గ్రంథమున వ్రాసి యున్నదో చూపవలెను. మండలివారు సంస్కృతము, ఉర్దూ, హిందీ గ్రంథములనుండి, వైద్యపత్రికలనుండి ముప్పది రెండు ఆధారములు వెదకి తీసి, ఆంగ్లమున వివరించి సమర్పించిరి. వానిలో 1953లో భారత వైద్యసంఘపు పత్రికలో వచ్చిన వ్యాసము కూడ నొకటి. ఆధారముల నొప్పుకొని అమెరికా పేటెంటు కార్యాలయము 1997లో ఆ హక్కులను త్రోసివేసినది.

ఇక్కడ గెలిచినది పసుపు కాదు. వ్రాసి పెట్టినవారు, వెదకినవారు, అనువదించినవారు గెలిచిరి. వ్రాయబడి యున్నను పరభాషవానికి అర్థము కాని గ్రంథము, అతని దృష్టిలో లేనిదానితో సమానము. దీనిని గుర్తించియే 2001లో సంప్రదాయ విజ్ఞానపు అంకాత్మక గ్రంథాలయమును మన దేశము ఆరంభించినది. ఆయుర్వేదము, యునానీ, సిద్ధ మొదలగు గ్రంథములలోని యోగములను ఆంగ్లము, జర్మను, ఫ్రెంచి, స్పానిషు, జపాను భాషలలోనికి మార్చి, పేటెంటు పరీక్షకులు చూచుకొను నట్లు ఏర్పాటు చేసిరి.

వెదకు విధానము

ఇప్పు డొక యుదాహరణము తీసికొందము. పదవ తరగతి విద్యార్థి యొకడు, పేక నూలు తెగిన వెంటనే మరమగ్గము తనంతట తాను నిలిచిపోవు నట్టి పరికరమును చేయదలచినా డనుకొనుడు. వాని తండ్రి మరమగ్గము నడుపువాడు. నూలు తెగినది చూడక మగ్గము తిరిగినచో బట్ట చెడును, కూలి తెగును. అది తెలిసిన పిల్లవాని కీ యాలోచన వచ్చుట సహజము. అతడేమి చేయవలెను?

మొదట, తన ఆలోచనను ఒక్క వాక్యమున వ్రాసికొనవలెను: “పేక నూలు తెగినపుడు మరమగ్గమును ఆపు పరికరము.” వాక్యము కుదరనిచో ఆలోచనయే ఇంకను కుదరలే దన్నమాట.

రెండవది, మాటల పట్టిక. భారత పేటెంటు పత్రములు ఆంగ్లమున గాని హిందీలో గాని యుండును. “పేక” అని వెదకిన ఏమియు దొరకదు. పేకను ఆంగ్లమున వెఫ్ట్ అందురు, పడుగు వార్ప్, మగ్గము లూమ్, మగ్గమును ఆపు పరికరము స్టాప్ మోషన్. తండ్రిని అడిగి మగ్గపు మాట తెలిసికొనవలెను. ఆంగ్లోపాధ్యాయుని అడిగి, నిఘంటువు చూచి ఆ భాషలోని మాట పట్టవలెను. ఒక వస్తువునకు రెండు మూడు పేరు లుండవచ్చును, అన్నియు వ్రాసికొనవలెను.

మూడవది, తరగతి. ప్రపంచమందలి పేటెంటుల నన్నిటిని ఎ మొదలు హెచ్ వరకు ఎనిమిది విభాగములుగా పేర్చియున్నారు. వస్త్రములు, కాగితము డి విభాగమున చేరును. మగ్గములు, నేతపద్ధతులు డి03డి అను గుర్తు క్రింద ఉండును. అందులో 51వ సంఖ్య క్రింద మగ్గమును నడుపు, ఆపు పరికరము లున్నవి. మాట తప్పిపోయినను తరగతి తప్పదు.

నాల్గవది, చూచుట. భారత పేటెంటు కార్యాలయమువారి అంతర్జాలపు పుటలో పత్రములను వెదకు సదుపాయము కలదు. సామాన్యముగా దరఖాస్తు పెట్టిన పదునెనిమిది నెలలకు అది ప్రచురింపబడును; కావున నిన్న మొన్న పెట్టినవి కానరావని గ్రహింపవలెను. భారతదేశమున దొరకలేదని తృప్తిపడరాదు. ఇతర దేశముల పత్రములను కూడ చూడవలెను. పేటెంటు లేకపోయినను, పాత పుస్తకమున నున్నను, బజారున అమ్ముచున్నను అది క్రొత్తది కాదు.

అయిదవది, చదువుట. పేటెంటు పత్రము పొడవుగా నుండును, చూచి బెదరిపోరాదు. ముందు తేదీని, పేరును, సంగ్రహమును చూడుడు. తరువాత బొమ్మలను చూడుడు. భాష రానిచోట బొమ్మ మాటలాడును. చివర సంఖ్యలు వేసి వ్రాసిన హక్కువాక్యము లుండును. వీనిని క్లెయిము లందురు. దరఖాస్తుదారుడు దేనిని తనదిగా కోరుచున్నాడో ఆ వాక్యములే చెప్పును. మంజూరైన పత్రమున, వానిలో చెప్పినంత మేరకే హక్కు.

ఇట్లు వెదకిన మన బాలునికి ఏమి తెలియును? పేక తెగినపుడు మగ్గమును ఆపు ఉపాయము 19వ శతాబ్దిలోనే ఇంగ్లండున లాంకషైరు మగ్గములకు వచ్చిన దని తెలియును. ముఖము చిన్నబుచ్చుకొన నేల? ఆ పాత పత్రముల గడువు ఏనాడో తీరినది. వానిలోని ఉపాయమును ఎవరైనను, ఎవరికిని ఒక్క కానీ చెల్లింపక, చేసికొనవచ్చును. మనకు తెలియని గురువు లెందరో వ్రాసి యుంచిన ఉచిత పాఠము లవి. వానిని చదివి, “ఇంతవర కున్నది; ఇక్కడినుండి నే నేమి చేర్చగలను?” అని యడిగినవాడే నిజముగా క్రొత్త దేదియైన చేయగలడు.

వ్యాపారచిహ్నమునకును ఇదే క్రమము. వ్యాపారచిహ్నముల కార్యాలయమువారి పుటలో తరగతి సంఖ్య నిచ్చి, పేరును అక్షరములనుబట్టియు, ఉచ్చారణనుబట్టియు, బొమ్మనుబట్టియు వెదకవచ్చును. కంటికి వేరైనను చెవికి ఒక్కటిగా వినబడు పేరు చిక్కు తెచ్చును. కాపీరైటునకు మాత్రము నమోదు పుస్తకమున పేరు లేదు గదా యని ధైర్యపడరాదు. నమోదు లేకయే హక్కుండు నని పైన చెప్పితిమి. కర్త యెవరు? జీవించి యున్నారా? ఎప్పుడు మరణించిరి? ప్రచురించిన దెవరు? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానము పుస్తకపు తొలి పుటలలో వెదకవలెను. అంతర్జాలమున కనబడిన బొమ్మకు కర్త పేరు లేకపోయినను కర్త లేకపోలేదు.

ఒక హెచ్చరిక

పేటెంటు విషయమున క్రొత్తవారు చేయు పెద్ద పొరపాటు తొందరపడి చూపుట. నిజముగా క్రొత్తదైన పరికరమును దరఖాస్తు పెట్టుటకు ముందే ప్రదర్శనమున నిలిపి, పనిచేయు విధమంతయు వివరించి, పత్రికలో బొమ్మతో వ్రాసినచో, అది అందరికి తెలిసిన దగును. అందువలన పేటెంటు చేజారిపోవచ్చును. కొన్ని ప్రదర్శనములకు చట్టమున మినహాయింపు కలదు గాని, అది ప్రభుత్వము ప్రకటించిన వానికే. బడి ప్రదర్శనములకు అది వర్తించు నని తలపరాదు. పూర్తి వివరములు సిద్ధము కానిచో తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టి, పండ్రెండు నెలలలో పూర్తి వివరణ నియ్యవచ్చును. మా మహారాష్ట్రవారికి ముంబాయి కార్యాలయము, తెలంగాణము, ఆంధ్రప్రదేశములవారికి చెన్నై కార్యాలయము ఉన్నవి. కావున బిడ్డ చేసినది నిజముగా క్రొత్తదని తోచినచో, తల్లిదండ్రులు ముందుగా ఉపాధ్యాయునితో మాటలాడి, తెలిసినవారి సలహా పొందవలెను. చూపుట తరువాత.

తల్లిదండ్రులకు ఒక మాట

తెలుగు మాధ్యమమున చదివిన పిల్లలు ఇట్టి విద్యలలో వెనుకబడుదురేమో యని మీలో కొందరు మాతో అనుచుందురు. మీ భయము నిరాధార మని మే మనజాలము. పత్రములు ఆంగ్లమున నున్నవి. పిల్లలు ఆంగ్లము గట్టిగా నేర్వవలెను. అందులో మేమును శ్రద్ధ వహింపవలెను. కాని పై యుదాహరణమును మరల చూడుడు. వెదకుటలో కష్టమైన మెట్టు మగ్గపు మాటకును పుస్తకపు మాటకును వంతెన వేయుట. మగ్గము తెలిసినవానికి పుస్తకము తెలియదు. పుస్తకము తెలిసినవానికి మగ్గము తెలియదు. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో హిందీ, ఆంగ్లము నేర్చు మన పిల్లలు ఆ వంతెనపై పుట్టినవారు. తండ్రి నోటి మాట పోయినచో వంతెనకు ఒక కొన పోయినట్లే.

కావున మీకు తెలిసిన పనిమాటలను, రంగు కలుపు పాళ్లను, అంచు కూర్పు పేర్లను, అవ్వలు చెప్పు మందులను పిల్లలకు చెప్పుడు. వారిచేత తేదీ వేసి, ఎవరు చెప్పిరో పేరు వేసి, ఒక పుస్తకమున వ్రాయింపుడు. ఇంటి రహస్యముగా నుంచుకొని దానితో జీవనము సాగించుకొను నుపాయ మేదైన నున్నచో, దానిని అచ్చు వేయించుటకు ముందు ఆలోచింపుడు. ఒకసారి వెల్లడియైనది మరల రహస్యము కాదు. తక్కినవి వ్రాతలో నుండుటయే మేలు. నోటనున్నది నోటితోనే పోవును.

విద్యార్థులారా! ఇకమీదట మన పత్రికకు రచన పంపునప్పుడు క్రింద “స్వీయరచన” అనియో, “ఫలానావారి రచనకు అనువాదము” అనియో, “మా తాతగారు చెప్పగా వ్రాసినది” అనియో నిజము వ్రాయుడు. ఈ మూడింటిలో ఏదియు చిన్నతనము కాదు. చెప్పినవారి పేరు చెప్పినందువలన వ్రాసినవాని గౌరవ మేమాత్రమును తగ్గదు. మేమును అచ్చు వేయుటకు ముందు వెదకి చూచెదము. ఒకసారి చేసిన తప్పు రెండవసారి చేయము.

అభ్యాసము

1. మీ యింటనున్న ఒక వస్తువును తీసికొని, దానిలో పేటెంటునకు, వ్యాపారచిహ్నమునకు, కాపీరైటునకు సంబంధించిన భాగములు ఏవియో వేరువేరుగా వ్రాయుడు.

2. ఒక కవి 1980లో మరణించె ననుకొనుడు. ఆయన రచనలపై హక్కు ఏ సంవత్సరము చివరి వరకు ఉండును? లెక్క కట్టి చూపుడు.

3. మీ తల్లిదండ్రుల వృత్తికి సంబంధించిన పది మాటలను తెలుగున వ్రాసి, వానికి మరాఠీ, ఆంగ్ల పదములను కనుగొని పట్టిక వేయుడు.

4. “మా అవ్వకు తెలియును” అను మాట పసుపు విషయమున ఏల చాలలేదు? అయిదు వాక్యములలో వ్రాయుడు.

5. మీకు తోచిన ఒక పరికరమును ఒక్క వాక్యమున వర్ణించి, అట్టిది ఇంతకు ముందున్నదేమో పెద్దల సాయముతో వెదకి, దొరకిన పాత పత్రము తేదీని, దానికిని మీ యాలోచనకును గల భేదమును వ్రాసి తెండు. భేద మేమియు లేనిచో అదియు వ్రాయుడు. దానికిని మేము మంచి మార్కులే వేసెదము.